అడుగు

పొద్దున ఆరున్నర. పుళల్ చెరువు మీద గాలి లేదు.
ఏకాంబరం తెడ్డు ఎత్తి పట్టుకుంటే
నేను తాడుకి కట్టిన నలుపు తెలుపు పళ్ళేన్ని వదులుతాను.
చలికాలంలో నిలువెత్తు లోతు దాకా కనబడింది.
ఇవాళ మోచేయి మునగగానే మాయం.

"ఇక్కడ ఎన్ని అడుగులు?" అంటాను, నోటి అలవాటు.
అతని భాషలో అడగు అంటే తాకట్టు.
తెలిసే నవ్వుతాడు:
"ఒక్కటేనమ్మా. రెండు సవర్ల గొలుసు.
మార్కెట్ రోడ్డు సేటు దగ్గర, ఆడి మాసం నించీ."

పదహారు అడుగులు.
ఇత్తడి బరువు జారవిడిస్తే
కింద మూత పడిన చప్పుడు తాడెక్కి వచ్చి
నా చూపుడువేలికి వినబడుతుంది.
లాగితే చల్లటి నీళ్ళు, కుళ్ళిన గుడ్డు వాసన.
బాటిల్లోకి బుడగ లేకుండా పట్టాలి.
బుడగ దూరితే అబద్ధం దూరినట్టే,
పద్మాసని మేడమ్ మాట.

మాంగనీసు వేస్తాను, వెనకే క్షారం.
ఊపిరున్న నీళ్ళయితే గోధుమరంగు మబ్బు దిగుతుంది.
పై బాటిల్లో దిగింది, డికాషన్ రంగులో.
అడుగు బాటిల్లో మాత్రం
విరిగిన పాలలా తెలుపు.
అంత తెల్లదనం మంచిది కాదు.
రిజిస్టర్లో సున్నా చుట్టడానికి
మిగతా అంకెలకన్నా ఎక్కువసేపు పడుతుంది నాకు.

కింద బురదలో ఇనుము ఉంది.
అదీ ఒక సేటే.
ఊపిరి ఉన్నన్నాళ్ళూ
ఫాస్ఫరస్‌ని పిడికిట్లో బిగించి కూచుంటుంది,
తుప్పు ఎరుపు చొక్కా తొడుక్కుని.
ఊపిరి ఆగిన రాత్రి చొక్కా కరిగిపోతుంది,
పిడికిలి దానంతటదే సడలుతుంది,
ఏళ్ళనాటి సరుకంతా
నిజంగానే నీళ్ళ పాలు.

ఎవరి సరుకని అడిగితే ఏం చెప్పను.
సత్యవేడు దగ్గర మా పెదనాన్న
దోసిళ్ళతో చల్లిన డీఏపీ, వాన కడిగి ఏట్లో కలిపింది, కొంత.
అంబత్తూరు బట్టల సబ్బు కొంత.
జిలేబీ చేపల ముళ్ళు, కొంగల రెట్ట,
కండలేరు నించి కాలువ మోసుకొచ్చిన ఒండ్రు.
చెరువుకి పారేయడం రాదు.

ఐప్పసిలో తొలి వాన రాత్రి
పై నీళ్ళు చల్లబడి, బరువెక్కి, దిగాయి.
అడుగు పైకి లేచింది.
మూడో నాటికి చెరువంతా
కొత్తగా రంగేసిన తలుపు.
ఆ పచ్చటి నలుసులు మధ్యాహ్నానికల్లా
నీళ్ళలో సోడా పులుపంతా తాగేశాయి,
పీహెచ్ తొమ్మిది దాటింది.
తెల్లారుజామున మళ్ళీ అవే ఊపిరాడక
మన ఆక్సిజన్‌నే తిన్నాయి.

పెరంబూరు నించి ఫోన్.
"కుళాయి నీళ్ళు మట్టి వాసనమ్మా,
పసివాడు గ్లాసు తోసేశాడు."
చెన్నపట్నం తెలుగు, గొంతులో కోపంకన్నా అలసట.
బొగ్గుపొడి వేస్తున్నాం, రెండు రోజుల్లో పోతుందన్నాను.
చెప్పనిది ఒకటుంది:
ఎండిన నేల మీద మొదటి చినుకు పడ్డప్పుడు
మీరు కిటికీ తెరిచి పీల్చేది కూడా ఇదే.
గాలిలో ఉంటే ముద్దు. గ్లాసులో ఉంటే ఫిర్యాదు.
ఆమె చిరునామా మాత్రం రాసుకున్నాను.

వారం తరవాత, అలలు పడవని తడుతున్న పొద్దున,
అడుగు బాటిల్లో గోధుమరంగు.
చొక్కా మీద టీ మరకంత.
ల్యాబ్ దాకా ఆగలేక పడవలోనే
వెలుతురుకి ఎత్తి పట్టాను.
ఏకాంబరం తెడ్డు ఒళ్ళో పెట్టుకుని మెడ చాచి చూశాడు.
"మీట్టాచ్చా?" అన్నాడు.
విడిపించేశారా అని.

వడ్డీ కట్టాం, అంతే, అన్నాను.

"నేనూనూ" అని
గట్టు వైపు తిప్పాడు.